షార్షెన్ అగాయ్‌కి అర్థం కాలేదు

షార్షెన్ అగాయ్‌కి ఒకే ఒక్క జబ్బు. ఆయనకి కరెంటు అర్థం కాదు.

ఇందులో వింతేముంది, లోకంలో సగం మందికి కాదుగా అంటారేమో. నిజమే. కాకపోతే ఆయన కోక్-బెల్ ఊరి బడిలో ఫిజిక్సు మాస్టారు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఉద్యోగంలో చేరాడు. అది తెల్లబడింది, ఆ తర్వాత చాలావరకు సెలవు పుచ్చుకుని వెళ్ళిపోయింది కూడా. ఇన్నేళ్ళూ పిల్లలకి బ్యాటరీ, బల్బు, తీగ పాఠం చెబుతూనే ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఎవరు కనబడితే వాళ్ళ చొక్కా బొత్తాం పట్టుకుని, "నాకో సంగతి అర్థం కాలేదు, కాస్త చెబుతావూ?" అని అడుగుతూనే ఉన్నాడు. మా వైపు మాస్టారుని అగాయ్ అంటారు. ఈయన్ని మాత్రం 'అర్థంకాలేదు అగాయ్' అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు. పోనుపోను ఎదురుగానే అనడం మొదలెట్టారు. ఆయన చక్కగా పలికేవాడు.

ఒకసారి గొర్రెల కాపరి జాకిప్ వెలగని టార్చిలైటు పట్టుకుని కొండ దిగొచ్చాడు.

"అగాయ్, దీన్ని చూడు. పైన తోడేళ్ళు తిరుగుతున్నాయి."

అగాయ్ టార్చిని అటూ ఇటూ తిప్పాడు. ఊపాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "జాకిప్, నాకో సంగతి అర్థం కాలేదు. బ్యాటరీలోది బల్బులోకి వెళ్ళాలి, అంతేగా? దానికి ఒక దారి చాలుగా? మరి ఇటు స్ప్రింగు, అటు రేకు, ఇన్ని హంగులెందుకు?"

"నన్నడుగుతావేంటయ్యా? మాస్టారువి నువ్వా, నేనా?"

"నేనే. అందుకేగా తెలియక అడుగుతున్నా."

జాకిప్‌కి ఒళ్ళు మండింది. టార్చిని లాక్కుని అక్కడే విప్పి పరిచాడు. "వెళ్ళడానికో దారుంటే రావడానికో దారుండొద్దూ? మంద కొండెక్కితే సరిపోయిందా, దిగొద్దూ? ఇదిగో, ఈ రేకుకి తుప్పు పట్టింది. దిగే దారి మూసుకుపోయింది. దిగే దారి లేకపోతే ఎక్కేది మాత్రం ఎందుకెక్కుతుంది!" అని కత్తితో తుప్పు గీకి బిగించేసరికి టార్చి భగ్గున వెలిగింది.

"ఆహా! ఇంత తెలివి ఎక్కడ దాచావయ్యా ఇన్నాళ్ళూ?" అన్నాడు అగాయ్.

'ఆ ముసలాడికి చదువు చెప్పేసరికి నా గొంతు పోయింది' అని దారి పొడుగునా తిట్టుకుంటూ జాకిప్ కొండెక్కాడు. ఆ ఏటి నుంచీ చుట్టుపక్కల కాపర్లందరూ టార్చిలు జాకిప్ దగ్గరికే తీసుకెళతారు.

చావుభోజనాల్లో కూడా ఆయన ఊరుకోడు. తీగ మీద వాలిన కాకికి ఏమీ కాదెందుకని ఒక చావింట్లో అడిగాడు. ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపి వాదనలోకి దిగారు. మౌల్వీగారు ఒక పక్షం, లారీ డ్రైవరు ఇంకో పక్షం. చివరికి మౌల్వీగారే నెగ్గారు: కాకి రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉన్నాయి, కాబట్టి దాని ఒంట్లోంచి దారి పట్టాల్సిన అవసరం కరెంటుకి లేదు. పోయినాయన కొడుకు, "నాన్న ఉంటే ఇది విని ఎంత సంతోషించేవాడో" అన్నాడు.

ఇలా ఊరంతా ఆయనకి పాఠం చెప్పీ చెప్పీ ఏమైందంటే, కోక్-బెల్‌లో ఫ్యూజు వేయడం రాని ముసలమ్మ లేదు. పక్కూళ్ళలో దీపాలారితే కొవ్వొత్తి వెతుక్కుంటారు. మావాళ్ళు తెగింది ఎక్కడో వెతుక్కుంటారు. మా ఊరి పిల్లని చేసుకున్నవాడు ఇస్త్రీపెట్టె బాగుచేయించడానికి బజారుకి పోనక్కర్లేదని జిల్లా అంతా పేరు. ఇంత పేరున్న ఊళ్ళో కరెంటు అర్థం కాని మనిషి ఒక్కడే మిగిలాడు. అతనే ఫిజిక్సు మాస్టారు.

ఇలాంటి ఊరికి కోడలుగా వచ్చింది నాజిక్.

రాజధాని బిష్కెక్‌లో ఫిజిక్సు చదివి, అన్నిటిలోనూ మొదటి మార్కులొచ్చినవాళ్ళకిచ్చే ఎర్రట్ట డిప్లొమా పట్టుకుని వచ్చింది. పెళ్ళినాడు మా ఆచారం ప్రకారం తెర వెనక కూర్చుంది. వాకిట్లో పెళ్ళికొడుకు ఎమిల్ స్వయంగా నిచ్చెనేసి కట్టిన రంగుదీపాల దండ మెరుస్తోంది. సరిగ్గా వియ్యాలవారు లోపలికి అడుగుపెట్టేవేళకి దండంతా ఒక్కసారి ఆరిపోయింది. ఎమిల్ ముఖం ఉడికిన బీట్‌రూటయింది. వాళ్ళమ్మ జూరాకాన్ అపా (పెద్దావిడల్ని మేం అలా అంటాం), "అప్పుడే చెప్పానా, చవకది తేవద్దని" అని పళ్ళు నూరడం మొదలెట్టింది.

అప్పుడు లేచాడు షార్షెన్ అగాయ్, చేతిలో గుర్రప్పాల గిన్నెతో. వధూవరుల్ని దీవిస్తాడని అందరూ చెవులొగ్గారు.

"నాకో సంగతి అర్థం కాలేదు," అన్నాడాయన. "ఈ దండలో ఒక్క బల్బు పోతే అన్నీ ఆరిపోయాయే! మా ఇంట్లో వంటగది బల్బు పోతే పడగ్గదిది వెలుగుతూనే ఉంటుంది. ఎందుకంటారు?"

అంతే. దీవెనలు పోయాయి, పాటలు పోయాయి. ఒకాయన బోర్సోక్ రొట్టెముక్కల్ని బల్ల మీద బారుగా పేర్చి, "ఒకే దారి మీద అందరూ చేతులు పట్టుకుని నిలబడ్డారనుకో, ఒకడు చెయ్యి వదిలేస్తే..." అంటున్నాడు. ఒక ముసలమ్మ ఆ ముక్కల్ని తీసి నిచ్చెన మెట్లలా పేర్చి, "ఇళ్ళల్లో ఇలా ఉంటుంది నాయనా, ఎవడి దారి వాడిదే" అంటోంది. తెర వెనక నాజిక్ పళ్ళ బిగువున కూర్చుంది. కొత్త పెళ్ళికూతురు నోరెత్తకూడదు గనక సరిపోయింది. లేకపోతే 'అది శ్రేణి, ఇది సమాంతరం' అని అరిచి ఉండేది. 'ఈ మాస్టారి బడిలోనా నేను పనిచెయ్యాలి!' అనుకుంది.

పనిచెయ్యడం కూడా అంత తేలిగ్గా కుదరలేదు. "నువ్వు బడికి పోతే సమోవార్ ముందు ఎవరు కూర్చుంటారే?" అంది అత్తగారు. మా ఇళ్ళల్లో సమోవార్ అనే చాయ్ బాయిలరు ముందు కూర్చుని చాయ్ పోసేది కోడలు. చిన్న చిన్న గిన్నెల్లో అడుగున కాస్త పోసి ఇవ్వాలి. నిండా పోస్తే 'తాగి లెమ్మ'న్నట్టు లెక్క. గిన్నె చేతులు మారి ఆ చివరిదాకా పోతుంది, తాగాక చేతులు మారి ఈ చివరికి వస్తుంది, మళ్ళీ పోయాలి. చుట్టాలొస్తే పొద్దు గూకేదాకా ఇదే పని.

ఎమిల్ బతిమాలాడు. అగాయ్ ఈ ఏడాదితో ఉద్యోగం దిగిపోతున్నాడనీ, ఆ చోటు ఖాళీ అవుతుందనీ చెప్పాడు. చివరికి జూరాకాన్ అపా ఒక షరతు మీద దిగొచ్చింది. "జిల్లా నుంచి కమిషన్ వస్తుందట కదా, అందరి ముందూ పాఠం చెప్పించి చూస్తుందట కదా. వాళ్ళు బాగుందంటే వెళ్ళు. బాగాలేదంటే డిప్లొమా గోడకి, నువ్వు సమోవార్‌కి."

బడిలోనూ అదే మాట. పాఠం తప్పితే ఫిజిక్సు గంటలు వ్యాయామం మాస్టారు బోలుష్‌కి ఇచ్చేస్తారు. అగాయ్‌కి జ్వరమొచ్చినప్పుడు బోలుష్ ఒకసారి ఆ పాఠం చెప్పాడు కూడా. కరెంటు అంటే ఏమిటని పిల్లలడిగితే బంతి విసిరి, "ఇదే, పరుగెత్తండి" అన్నాడు. ఇప్పుడాయన నాజిక్ కంటే ఎక్కువ భయపడుతున్నాడు. "చెల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా, ఎలాగోలా నెగ్గు. ఆ గంటలు నా నెత్తిన పడితే నేను బతకను."

ఉపాధ్యాయుల గదిలో పాఠం సిద్ధం చేసుకుంటున్న నాజిక్ పక్కన అగాయ్ చేరాడు.

"అమ్మా, ఒక బ్యాటరీ. ఒకే దారిలో, ఒకదాని తర్వాత ఒకటి, రెండు బల్బులు. ఏది ఎక్కువ వెలుగుతుందంటావు? నాకు అర్థం కాలేదు."

"ఇందులో ఏముంది అగాయ్? శ్రేణి వలయంలో కరెంటు అంతటా సమానం," అని పుస్తకం అప్పజెప్పినట్టు చెప్పి, ఊపిరి పీల్చుకుని, "మొదటి బల్బుకి ముందు అందుతుంది గనక అది ఎక్కువ వెలుగుతుంది. మిగిలింది రెండోదానికి" అంది నాజిక్.

ఆ రెండు ముక్కలూ ఆవిడ తలలో, ఒకే మెట్ల మీద ఎదురెదురు తలుపులున్నా ఏళ్ళ తరబడి పలకరించుకోని పొరుగువాళ్ళలా కాపురముంటున్నాయి. మొదటిది పరీక్షల్లో పనికొచ్చేది. రెండోది నిజమని ఆవిడ నమ్మేది. సూత్రాలు ఎంత వేగంగా వచ్చేవంటే, వాటి అర్థమేమిటని ఆగి అడిగే తీరిక ఏ ప్రొఫెసరుకీ లేకపోయింది.

"చూడండి, విందులో మాంసం ఎలా పంచుతాం? కండపట్టిన తుంటి ఎముక ముందు పెద్దాయనకి. తర్వాత వయసు వరసన. చివర్న కూర్చున్న కుర్రాడికి దక్కేది గీక్కుతినే ఎముక. కరెంటూ అంతే. బ్యాటరీకి దగ్గరున్న బల్బు పెద్దాయన." ఈ పోలిక తట్టినందుకు నాజిక్‌కి తన మీద తనకే ముద్దొచ్చింది. కమిషన్‌కి ఇదే చెప్పాలనుకుంది.

"ఎంత చక్కగా చెప్పావమ్మా," అన్నాడు అగాయ్. "అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పింది. మరోసారి చెప్పమన్నాడు. చెప్పేకొద్దీ నాజిక్‌కి అన్నంలో రాయి పంటికింద తగిలినట్టు ఏదో కరకరమంది. కానీ ఎర్రట్ట డిప్లొమా ఉన్నవాళ్ళు రాయిని కూడా మింగేస్తారు. "ఇన్నేళ్ళు పాఠం ఎలా చెప్పారు అగాయ్ మీరు!" అనేసింది.

"అదే నాకూ అర్థం కాదమ్మా" అన్నాడాయన.

కమిషన్ వచ్చే ముందురోజు నాజిక్ తరగతిలో అంతా అమర్చి చూసుకుంది. స్విచ్చి వేస్తే మొదటి బల్బు ధగధగలాడింది, రెండోది కునికిపాట్లు పడింది. పెద్దాయన, కుర్రాడు! ఇంకేం కావాలి?

కమిషన్ వచ్చింది. కమిషన్ అంటే దామీరా మామితొవ్నా అనే ఒక్క ఆవిడే, కానీ పదిమంది పెట్టు. నెత్తి మీద కొప్పు సమోవార్ మూతలా నిటారుగా ఉంటుంది. వెనక బెంచీల మీద తల్లిదండ్రులు, జాకిప్, బోలుష్. జూరాకాన్ అపా కొత్త తెల్ల రుమాలు కట్టుకుని ముందుగానే వచ్చి కూర్చుంది. అందరికన్నా చివర గోడకానుకుని అగాయ్.

కంగారులో నాజిక్ బ్యాటరీని తిరగేసి కలిపింది. అటుండాల్సిన ప్లస్సు ఇటొచ్చింది. ఆవిడ గమనించలేదు. మాంసం పోలిక చెప్పింది, పిల్లలు నవ్వారు, జూరాకాన్ అపా పక్కావిడ డొక్కలో పొడిచింది. నాజిక్ స్విచ్చి వేసింది. ధగధగ, కునికిపాటు. "చూశారా, పెద్దాయన!"

దామీరా మామితొవ్నా కళ్ళజోడు సర్దుకుని లేచి దగ్గరికొచ్చింది. "ఒక్క నిమిషం. మీ ప్లస్సు ఇటుంది. అంటే మొదటిది ఈ మసక బల్బే కదా. మరి కుర్రాడే ఎక్కువ తింటున్నాడేం?"

నాజిక్ చూసింది. నిజమే. చదివిన సూత్రాలన్నీ ఒక్కసారి తలుపు దగ్గర తోసుకుని, ఏ ఒక్కటీ బయటికి రాలేదు. వెనక బెంచీ మీద తెల్ల రుమాలు కదలడం మానేసింది. దామీరా మామితొవ్నా ఎదురుచూస్తోంది. ఆ ఎదురుచూపులో నాజిక్‌కి గోడ మీద డిప్లొమా, దాని కింద సమోవార్, స్పష్టంగా కనబడ్డాయి.

"అదే!" అని వెనక నుంచి గట్టిగా వినబడింది. "నాకూ సరిగ్గా అదే అర్థం కాలేదు!"

అగాయ్ లేచి నిలబడి ఉన్నాడు. తరగతంతా ఘొల్లుమంది. "మొదలెట్టాడ్రా దేవుడా," అన్నాడు జాకిప్.

"మీరు కూర్చోండి," అంది దామీరా మామితొవ్నా. "నేను ఈ అమ్మాయిని అడిగాను."

"నేనూ ఈ అమ్మాయినే అడుగుతున్నానండీ. నాకసలే మందబుద్ధి. ఆ రెండు బల్బుల్నీ ఇటుది అటు పెడితే ఏమవుతుంది? ఎవరన్నా పెట్టి చూపిస్తే తప్ప నా బుర్రకెక్కదు."

"నేను పెడతా అగాయ్! నేను!" పిల్లలు బల్లల మీదికి ఎగబడ్డారు. ఒక జడలపిల్ల బల్బులు రెండూ తీసి స్థానాలు మార్చింది. ధగధగలాడే బల్బు ఇప్పుడు ముందుకొచ్చింది. అక్కడా ధగధగలాడింది.

"అగాయ్, అది ఎక్కడున్నా అంతే!" అని అరిచింది పిల్ల. "కుర్చీని బట్టి కాదు, బల్బుని బట్టి!"

"అలాగా," అని అగాయ్ తల గోక్కున్నాడు. "సరే, పోనీ. కానీ మొదటివాడు కొంత తినేశాక రెండోవాడికి తక్కువే కదా మిగలాలి? ఆ తక్కువెంతో మీటరు ముల్లు మీద చూపించమ్మా నాజిక్. కళ్ళారా చూస్తే కానీ నమ్మను."

'ముంచేస్తున్నాడు,' అనుకుంది నాజిక్. జూరాకాన్ అపా అయితే పైకే అంది: "ఏమయ్యా షార్షెన్! నీకు అర్థం కాకపోతే ఇంటికెళ్ళి పడుకో. నా కోడల్ని వేపుకుతినడానికొచ్చావా?"

తప్పేట్టు లేదు. నాజిక్ కరెంటు కొలిచే మీటరుని మొదటి బల్బుకి ముందు కలిపింది. ముల్లు లేచి ఒక గీత దగ్గర నిలబడింది. దాన్ని తీసి రెండు బల్బుల మధ్య కలిపింది. ముల్లు లేచి అదే గీత దగ్గర నిలబడింది. ఇద్దరూ తినేశాక మిగలాల్సిన చోట, చిట్టచివర, కలిపింది. ముల్లు ఇసుమంత కూడా తగ్గలేదు. అదే గీత.

పిల్లలందరూ ముల్లు వైపు మెడలు చాచారు.

"మరి తిన్నదెవరు?" అని చిన్నగా అడిగాడు అగాయ్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాజిక్ ఆ ముల్లునే చూస్తోంది. వెళ్ళింది ఎంతో వచ్చింది అంత. ఎంత వెళ్ళాయో అన్నీ తిరిగొచ్చాయి. చేతులు మారి ఆ చివరిదాకా పోయి, చేతులు మారి ఈ చివరికి... పెళ్ళయినప్పటి నుంచీ పూటపూటా తను చేస్తున్నదేమిటి? తల లోపలి మెట్ల మీద ఎదురెదురు తలుపులు రెండూ దభాలున తెరుచుకున్నాయి. ఏళ్ళ తరబడి మాటల్లేని పొరుగువాళ్ళిద్దరూ మొదటిసారి ముఖాముఖాలు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు అబద్ధాలకోరు.

"మాంసం కాదు!" అంది నాజిక్. గొంతు తనదేనా అన్నంత పెద్దగా వచ్చింది. "ఇది మాంసం కాదు, చాయ్ గిన్నె! మాంసం ఇస్తే పోయినట్టే, తిరిగి రాదు. అందుకే పొరబడ్డాను. కరెంటు గిన్నె లాంటిది. సమోవార్ దగ్గర్నుంచి నేను ఎన్ని గిన్నెలు పంపిస్తే అన్నీ తిరిగి నా దగ్గరికే రావాలి. ఒక్కటి తగ్గినా..."

"ఒక్కటి తగ్గినా ఊరుకోను నేను!" అంది వెనక నుంచి జూరాకాన్ అపా.

"చూశారా! గిన్నెని ఎవరూ తినరు. తాగేది అందులోని చాయ్‌ని. ఒకే గిన్నె ఇద్దరి చేతులూ దాటుతుంది. మొదట కూర్చున్నవాడు కాదు, దాహం ఎక్కువున్నవాడు ఎక్కువ తాగుతాడు. ఈ బల్బులో తీగ సన్నంగా ఉండి ఉండాలి. కరెంటుకి అక్కడ దారి ఇరుకు, దానికే దాహమెక్కువ. అందుకే దాన్ని ఎక్కడ కూర్చోబెట్టినా అంతే. బ్యాటరీ ఏం చేస్తుంది? గిన్నెల్ని తయారుచెయ్యదు. తిరిగొచ్చిన గిన్నెలో మళ్ళీ చాయ్ పోసి పంపిస్తుంది."

"అంటే బ్యాటరీ అయిపోవడమంటే సమోవార్‌లో చాయ్ అయిపోవడమా, ఎజే?" అని టీచరమ్మని అడిగింది జడలపిల్ల.

"అవును! గిన్నెలు అలాగే ఉంటాయి!"

చాయ్ పోసే చేతులు, గిన్నె అందుకునే చేతులు ఆ గదిలో అందరివీ. ఒక్కసారి అందరి చేతులూ లేచాయి. ఒక తీగ తెగితే ఏమవుతుందని ఒకడు, గిన్నెలు అక్కడే ఆగిపోతాయని ఇంకొకడు. దండ ఎందుకారిందో, వంటగది దీపం ఎందుకారలేదో, గంట కొట్టినా వినిపించుకోకుండా చెప్పుకుపోతున్నారు. నాజిక్ సుద్దముక్క పట్టుకుని ఒకరి నుంచి ఇంకొకరికి పరుగులు పెడుతోంది. బుగ్గలు కందిపోయాయి. అంత సంతోషం ఆవిడకి డిప్లొమా అందుకున్ననాడు కూడా కలగలేదు. ఆనాడు అందుకుంది అట్ట. ఈనాడు అందింది అందులో ఉండాల్సింది.

దామీరా మామితొవ్నా అందరి ముందూ తీర్పు చెప్పింది. "కొత్త పద్ధతి! ముందు అందరూ చేసే తప్పుని తానే చేసినట్టు నటించి, పిల్లల చేతనే దాన్ని పడగొట్టించడం! జిల్లాలో ఇలాంటి పాఠం నేను చూడలేదు. ఈ ఉద్యోగం ఈ అమ్మాయిదే."

"నేను నటించలేదండీ, నిజంగానే..." అని మొదలెట్టింది నాజిక్. వెనక అగాయ్‌కి భయంకరమైన దగ్గు వచ్చింది. ఆ దగ్గులో మిగతా మాటలు కొట్టుకుపోయాయి.

"ఇక మీ పాత మాస్టారి సంగతి," అని దామీరా మామితొవ్నా ఆయన వైపు తిరిగింది. "ఏడో తరగతి పిల్లకి తెలిసింది ఈయనకి తెలియదు. సిగ్గుచేటు! వేసవిలో దిగిపోయేలోపు మొదటి నుంచీ నేర్చుకునే దిగాలి. ఈ అమ్మాయి తరగతిలోనే కూర్చుని!"

"తప్పకుండానండీ," అన్నాడు అగాయ్, తల వంచుకుని.

ఊరంతా నవ్వింది. నాజిక్‌కి మాత్రం నవ్వు రాలేదు. తను ఉక్కిరిబిక్కిరైన ఆ క్షణాన దామీరా మామితొవ్నా ప్రశ్న తన మీద నుంచి ఆయన మీదికి ఎలా పోయిందో ఆవిడ కళ్ళముందే ఉంది.

మర్నాడు పొద్దున్నే అగాయ్ ఇంటికి వెళ్ళింది. ఆయన వాకిట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందు ఒక పాత రేడియో పేగులన్నీ పరుచుకుని, ఈల వేసుకుంటూ, కనీసం చూడను కూడా చూడకుండా, ఏ తీగ ఎక్కడికో అక్కడికి అతికిస్తున్నాడు. నాజిక్ నీడ పడేసరికి పట్టకారు గబుక్కున ఒళ్ళో దాచుకున్నాడు, జేబులో చెయ్యి పెడుతూ దొరికిపోయిన దొంగలాగ.

"ఇది... ఏదో... నాకేం అర్థం కావట్లేదమ్మా," అన్నాడు. ముందున్న రేడియో అదే సమయానికి చక్కగా వాతావరణ వార్తలు చదవడం మొదలెట్టింది.

ఆయన భార్య తుర్సున్ అపా గడపలోంచి పకపకా నవ్వింది. "ఇంట్లో అన్నీ అర్థమవుతాయమ్మా ఈయనకి. గుమ్మం దాటితేనే బుద్ధి మందగిస్తుంది."

"ఏంటపా ఇది?"

"ఏముంది, నా వల్లనే మొదలైంది. నేను కోడలుగా వచ్చినప్పుడు మా పుట్టింటి ఊరికి కరెంటు లేదు. ఇక్కడ ఇస్త్రీపెట్టె తీగని ముట్టుకోవాలంటే ప్రాణం పోయేది. అడుగుదామంటే సిగ్గు. నా ముఖం చూశాడు. అంతే, అందరి ముందూ వాళ్ళమ్మని పట్టుకుని, 'అమ్మా, ఇది నాకు అర్థం కాలేదు, ఎలా పట్టుకోవాలి?' అన్నాడు. పట్నంలో ఫిజిక్సు చదివొచ్చిన కొడుకు! ఆవిడ నెత్తి కొట్టుకుంటూ మొదట్నుంచీ చెప్పింది. పక్కన నిలబడి నేను నేర్చుకున్నాను." తుర్సున్ అపా కళ్ళు ఒత్తుకోలేదు, ఇంకా నవ్వుతూనే ఉంది. "అప్పట్నుంచీ ఇదే రోగం. ఎవరి ముఖంలో 'అర్థం కాలేదు' కనిపిస్తే, వాళ్ళకన్నా ముందు ఈయన నోరు తెరుస్తాడు. మీ పెళ్ళిలో దండ ఆరినప్పుడు మీ ఆయన ముఖం చూశావా? ఆ తర్వాత దీపాలు చవకవని ఎవరైనా ఒక్క మాట అన్నారా?"

నాజిక్ అగాయ్ వంక చూసింది. ఆయన రేడియో వార్తలు శ్రద్ధగా వింటున్నాడు.

"నేను వెళ్ళి కమిషన్‌కి నిజం చెబుతాను. ఊరందరికీ చెబుతాను!"

అప్పుడు మాత్రం ఆయన కంగారుగా లేచాడు. "నీకు పుణ్యముంటుంది, ఆ పని చెయ్యకమ్మా! తెలిసినవాడు అడిగితే అది పరీక్ష. జనం భయపడి పారిపోతారు. తెలియనివాడు అడిగితే ముచ్చట. కుర్చీ లాక్కుని కూర్చుని చెబుతారు. ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు, ఒక్కరోజులో తీసేస్తావా?"

నాజిక్ తీసెయ్యలేదు.

ఆ వారం నుంచే చదువు మొదలైంది. షార్షెన్ అగాయ్ ఉతికిన చొక్కా వేసుకుని, టై కట్టుకుని, గంట కొట్టకముందే వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. ఏ రోజు ఎవరు మరీ మౌనంగా ఉంటే ఆ రోజు వాళ్ళ పక్కన. నాజిక్ బోర్డు మీద ఏదైనా గీసి వెనక్కి తిరిగేసరికి ఆయన చెయ్యి లేచి ఉండేది. నాజిక్ విసుక్కునేది కాదు. పాఠం మళ్ళీ మొదట్నుంచి, ఇంకో దారిలో చెప్పేది. చెబుతూ ఆయన వైపు కాదు, ఆయన పక్కన కూర్చున్నవాళ్ళ వైపు చూసేది.

ఇక జూరాకాన్ అపా నోటికి మూత లేదు. ఇంట్లో చుట్టాలకి చాయ్ తనే పోస్తోంది, కోడలు బడికి పోయిందని చెప్పుకోవడానికి అదొక సాకు. సంతలో ఉన్ని కొనేచోట, పిండిమరలో, డాక్టరు గది బయట, ఎక్కడైనా ఒకటే మాట: "షార్షెన్ అంతటివాడికి మా కోడలు పాఠం చెబుతోంది, తెలుసా?"

"మరి ఆ ముసలాయనకి ఏమైనా బుర్రకెక్కుతోందా, జూరాకాన్?" అని అడిగింది పిండిమర దగ్గర ఒకావిడ.

"ఎక్కడ! ఇంకా అర్థం కాలేదనే అంటున్నాడు," అని జూరాకాన్ అపా రుమాలు సర్దుకుని ఛాతీ విరుచుకుంది. "అయినా నా కోడలు వదులుతుందా? ఆయనకి అర్థమయ్యేలోగా, ఆ తరగతిలో అర్థం కానివాళ్ళంటూ ఒక్కరు మిగలరు, చూస్తూ ఉండు!"